టవర్ ఎక్కినవాడి చెప్పులు

అనంతపురం

నాయనా,

నీ కథ మొన్న బుధవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగా నవ్వొచ్చింది. రెండోసారి ఆ నవ్వు రాలేదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. కథ సంగతికి వస్తాను గానీ, ముందు నా సంగతి ఒకటి నీకు చెప్పాలి.

కథల్లోకి రాకముందు నేను ఒక పేపర్‌లో, జిల్లా ఎడిషన్ డెస్కులో పదకొండేళ్లు పనిచేశాను. రాత్రి డ్యూటీ. మండలాల నుంచి విలేకరులు పంపిన వార్తలు దిద్ది, హెడ్డింగ్ పెట్టి, పేజీకి ఇవ్వడం నా పని. రోజూ ఏదో ఒక మూల కాస్త జాగా మిగిలేది. దాన్ని నింపడానికి బాక్స్ ఐటమ్ కావాలి. "ఏదన్నా వింత ఉంటే పంపప్పా" అని విలేకరులకు మేమే ఫోన్ చేసేవాళ్లం. అట్లా ఒక రాత్రి ఒక ఐటమ్ వచ్చింది. ఒక రైతు రోజూ మసక చీకట్లో ఎండిపోయిన బోరు దగ్గర బోర్లా పడుకుని, కేసింగ్ పైపుకు చెవి ఆనించి, దానితో ఏదో మాట్లాడుతున్నాడని. పక్క పొలం వాళ్లు చూశారట. "బోరుతో ముచ్చట్లు!" అని హెడ్డింగ్ పెట్టాను. ఆ ఆశ్చర్యార్థకం కూడా నాదే. పొద్దున టీకొట్టు దగ్గర అందరూ అది చదివి నవ్వుతుంటే చాలా సంతోషపడ్డాను.

రెండు నెలల తర్వాత వేరే పని మీద ఆ ఊరికి పోయాను. ఊరికే అడిగితే, ఆ రైతే నన్ను పొలానికి తీసుకుపోయాడు. బోరు మీద బండ కప్పి ఉంది. దాన్ని పక్కకు జరిపి, గోలీ అంత రాయి ఒకటి ఏరి, "ఇనుకో సార్" అని లోపల వేశాడు. వేసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆరు దాటినాక ఎక్కడో అడుగున టక్కుమంది. "నీళ్లుంటే బుడుంగుమంటుంది. నాలుగైదు లెక్కలకే ఇనపడితే ఊట పైకొచ్చినట్టు" అన్నాడు. ఆరువందల అడుగులు వేయించిన బోరు అది. రెండేళ్లు చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్లిచ్చి ఆగిపోయింది. ఆ ఏడు నాలుగు వానలు పడ్డాయి కాబట్టి నీళ్లు మళ్లీ వచ్చాయేమోనని రోజూ చూసుకునేవాడు. పగలు గాలి, ట్రాక్టర్ల మోత. పొద్దు గూకితేనే శబ్దం తెలుస్తుంది. పక్క పొలం వాళ్లకు మాటల్లాగా వినపడింది ఆ లెక్క.

పేపర్లో పడ్డాక పక్క ఊళ్ల నుంచి పిల్లోళ్లు బైకులేసుకుని వచ్చి చూసి పోయేవాళ్లట. ఆయన బోరు మీద బండ కప్పేసి సాయంత్రం పోవడం మానుకున్నాడు. "నగుబాటు ఎందుకులే సార్" అన్నాడు. ఇంటికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చాడు. హెడ్డింగ్ పెట్టింది నేనేనని చెప్పలేకపోయాను. మజ్జిగ తాగి బస్సెక్కాను. ఇరవై ఏళ్లు దాటినా ఆ గ్లాసు చల్లదనం నా చేతికి గుర్తుంది.

ఇప్పుడు నీ కథకు వస్తాను. సెల్ టవర్ ఎక్కినవాడి కథ. కింద పోలీసులు, మైకులో బతిమాలే తహసీల్దారు, వేరుశనక్కాయలు అమ్ముకునే ముసలామె, సెల్‌ఫోన్లలో వీడియోలు తీసే జనం. అంతా కళ్లకు కట్టావు. సంభాషణ రాయడం నీకు పుట్టుకతో వచ్చింది. అయితే కథ మొత్తం కిందనే ఉండిపోయింది. పైనున్నవాడు మనకు ఒక చొక్కా రంగుగా మాత్రమే కనపడ్డాడు. చివర్లో "మతిస్థిమితం లేదని తేలింది" అని ముగించావు. ఎవరు తేల్చారు? ఏ డాక్టరు చూశాడు? ఆ మాట మా డెస్కులో నోటికి ఊతపదంలాగా ఉండేది. ఒక మనిషి ఎందుకు అట్లా చేశాడో కనుక్కునే ఓపిక లేనప్పుడు వాడేవాళ్లం. విలేకరికి పేజీ తొందర ఉంటుంది. నీకు ఏం తొందర? ఆ మాటను నీ కథల్లోంచి తీసెయ్యి. తీసేస్తే అక్కడ పెద్ద గుంత పడుతుంది. ఆ గుంతలోనే నీ కథ ఉంది.

మన సీమలో ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బయటివాళ్లకు మన ఊర్లు వింతల సంతలాగా కనపడతాయి. దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరం, ఉగాది మర్నాడు కైరుప్పలలో పిడకల సమరం, కోడుమూరు కొండ మీద తేళ్లు పట్టి దేవుడికి సమర్పించడం, తాడిపత్రి దగ్గర తలారిచెరువులో మాఘ పౌర్ణమికి ఊరు ఊరంతా ఇళ్లల్లో దీపాలార్పి, పశువులతో సహా దర్గా దగ్గరికి పోవడం. కెమెరాలు ఒక్క రాత్రికి వస్తాయి, రక్తం తీసుకుని పోతాయి. దేవరగట్టుకు నువ్వూ పో. పోతే పాల బాస చేసే చోట నిలబడు. రాత్రి కర్రలు పట్టేవాళ్లు అంతకుముందు పాలు ముట్టుకుని ఒకరికొకరు ఏం మాట ఇచ్చుకుంటారో విను. తెల్లారి తలకు పసుపు అద్దుకుని ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి ఇల్లాలు మొదట ఏమంటుందో విను. కొట్టుకోవడం మంచిదని నేను అనను. ఆ రాత్రి ఎంతమంది తల్లులు టెన్షన్‌తో మేలుకుని ఉంటారో నాకు తెలుసు. ఆ తల్లుల దగ్గర కూర్చున్న కథ నేను ఇంతవరకు చదవలేదు.

ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోళీకి మగవాళ్లు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని రతీమన్మథులకు పూజ చేస్తారు కదా. దాని మీద ఏటా వార్త వస్తుంది. ఒకేలాంటి ఫొటో, ఒకేలాంటి నాలుగు లైన్లు. నేను ఒక ఏడు పోయి ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. మీసాలున్న మనిషి చేతులు పక్కకు పెట్టుకుని బొమ్మలాగా నిలబడి ఉంటే, ఆయన భార్య మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దుతోంది. పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకుని, "కదలొద్దు" అంటోంది. చీర ఆమె పెళ్లిదట. పెట్టెలోంచి ఏడాదికి ఆ ఒక్కరోజే బయటికి వస్తుంది. మొక్కు దేనికని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు. "మగాళ్లు చీర కట్టుకుంటారు" అనేది వార్త. ఆ చీర ఎవరిది, ఎవరు కట్టారు అని అడిగినప్పుడు నాకు కథ దొరికింది.

ఇంకొకటి. 2025లో మన పక్కనే బుక్కరాయసముద్రం ముసలమ్మ గుడిలో హుండీ దొంగతనం చేసినవాళ్లు డబ్బు తెచ్చి గుడి దగ్గరే పెట్టి పోయారు. పిల్లలకు ఒంట్లో బాగలేదని చీటీ కూడా రాసి పెట్టారు. అందరూ అమ్మవారి మహిమ అన్నారు, కొందరు నవ్వారు. నువ్వు ముసలమ్మ ఎవరో గుర్తు తెచ్చుకో. చెరువు కట్ట తెగుతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన బసిరెడ్డి చిన్నకోడలు. ఊరి పిల్లాజెల్లా బతకాలని చచ్చిపోయిన తల్లి గుడిలో దొంగతనం చేసి, రాత్రి తన బిడ్డ నుదురు కాలిపోతుంటే ఆ మనిషికి ఎట్లా ఉంటుంది? కాగితం, పెన్ను ఎక్కణ్ణుంచి తెచ్చాడు? పిల్లవాడి నోటుబుక్కులోంచే చింపాడా? నేనైతే అక్కడ మొదలుపెడతాను.

పని సంగతి రెండు ముక్కలు. ఇట్లాంటి వార్త కనపడితే కత్తిరించి పెట్టుకో, తేదీ వెయ్యి, దాని కింద ఒకే ఒక ప్రశ్న రాయి. వెంటనే కథ రాయొద్దు. ఆరు నెలల తర్వాత కూడా ఆ ప్రశ్న గుచ్చుతుంటే అప్పుడు రాయి. ఊరు పేరు, మనిషి పేరు, కులం ఆనవాళ్లు అన్నీ మార్చు. ఆ మనిషి చదివితే తలెత్తుకోగలడా అని చూసుకుని అప్పుడు పత్రికకు పంపు. నా బోరు రైతుకు నేను ఇవ్వలేని మర్యాద నీ మనుషులకు నువ్వు ఇవ్వాలి.

టవర్ మనిషిని మళ్లీ పట్టుకో. మూడు గంటలు పైనున్నాడని రాశావు. ఎక్కేముందు చెప్పులు ఎక్కడ విప్పాడు? విసిరేశాడా, జత చేసి పక్కన పెట్టాడా? జత చేసి పెట్టాడంటే దిగి రావాలనే ఎక్కాడు. జేబులో ఏముంది? నాకు తెలిసి చాలామంది జేబులో అర్జీ ఉంటుంది. పది ఆఫీసులు తిరిగి, మడతల దగ్గర చిరిగిపోయిన అర్జీ. తన మాట వినడానికి కింద ఎవరూ ఆగనప్పుడు మనిషి ఎత్తైన చోటు వెతుక్కుంటాడు.

సోమవారం పొద్దున గుత్తి నుంచి మొదటి బస్సుకు వచ్చెయ్యి. ఆరోజు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. గేటు బయట అర్జీలు రాసిపెట్టేవాళ్ల పక్కన చెట్టు కింద ఉంటాను. జనం పాసుపుస్తకం, వన్‌బీ (భూమి రికార్డు కాగితం), ఆధార్ జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఎట్లా గుండెకు హత్తుకుని నిలబడతారో చూద్దువు. టిఫిన్ అక్కడే చేద్దాం. నీ కథ ఒక కాపీ తెచ్చుకో, వెనకవైపు ఖాళీగా ఉన్న కాగితాల మీద.

ఆశీస్సులతో,
మీ సార్