హద్దు తేలకముందే ప్రహరీ గోడకు అప్పా?

ప్రశ్న: మేం ఇల్లు కొనుక్కుని చేరి ఐదు నెలలైంది. స్థలం 40×60 అడుగులు. 60 అడుగుల పొడవున పడమర వైపున్న పాత ప్రహరీ గోడ మా వైపు ఒరిగింది. పక్కింటివారి స్థలం మా కంటే రెండడుగులు ఎత్తు. గోడ తీసేసి కొత్తది కడదామంటే, ‘ఆ గోడే మా స్థలంలోకి 9 అంగుళాలు వచ్చింది, లోపలికి జరిపి కట్టుకోండి, ఖర్చుతో నాకు సంబంధం లేదు’ అంటున్నారాయన. మా కొలత ప్రకారం గోడ సరిగ్గానే ఉంది. మాట పెరగకముందే కట్టేద్దామని మేస్త్రీకి టోకెన్ ఇచ్చాం. ఆయన చెప్పిన అంచనా మా ఇంటి నాలుగు నెలల ఖర్చంత ఉంది. సగం పర్సనల్ లోన్, సగం క్రెడిట్ కార్డు మీద సర్దుదామనుకుంటున్నాం. ఇంటి లోన్ ఈఎంఐ కూడా కలుపుకొని నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బు చేతిలో ఉంది. నెలనెలా ఖర్చులన్నీ పోగా, నెల ఖర్చులో ఐదో వంతు మిగులుతుంది. ఏ లోన్ అయితే మేలు?

జవాబు: ఏదీ వద్దు. ఏ లోన్ మేలన్నది తర్వాతి సంగతి, అసలు ఈ గోడకు ఇప్పుడు డబ్బు పెట్టవచ్చా అన్నదే ముందు తేలాలి. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేశారు. ఉన్నదంతా డౌన్ పేమెంట్‌కు, రిజిస్ట్రేషన్‌కు, లోపలి పనులకు ఊడ్చిపెట్టేసి ఇంట్లోకి దిగారు. ఇక పక్కింటివారితో మాట తేడా వచ్చినా, పైపు పగిలినా అప్పు తప్ప మరో దారి ఉండదు. నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బే ఇప్పుడు మీ పొదుపంతా. జీతం ఒక్క నెల ఆలస్యమైతే అది సగానికి పైగా కరిగిపోతుంది.

మీరు అనుకున్నట్టే చేస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. నెల ఖర్చు 100 అనుకుంటే మీకు మిగిలేది 20. గోడ అంచనా 400. అందులో 200కు 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు దాదాపు 7 కట్టాలి. మొత్తం మీద 246 దాకా తిరిగి చెల్లిస్తారు. మిగతా 200 కార్డు మీద పెడితే, 5 శాతం మినిమమ్ డ్యూ (నెలనెలా తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) కట్టడానికే నెలకు 10 పోతుంది. రెండూ కలిపి 17. ఇక మిగిలేది 3. ఆ మూడుతో అత్యవసర నిధి ఎప్పటికి పోగవుతుంది?

కార్డు సంగతి ఇంకా ఘోరం. నెలకు 3.5 శాతం వడ్డీ చక్రవడ్డీగా పెరిగితే ఏడాదికి 51 శాతం అవుతుంది. మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ పోతే, కార్డు మీద కొత్తగా ఒక్క వస్తువు కొనకపోయినా, బాకీ సగానికి దిగడానికి దాదాపు 41 నెలలు పడుతుంది. ఇటుకలు, సిమెంటు కొనడానికి కార్డు గీకడమంత ఖరీదైన పని మరొకటి లేదు. మేస్త్రీకి నగదు కావాలని కార్డు మీద ఏటీఎంలో డబ్బు తీస్తే, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇంత అప్పు చేసి కట్టే గోడ నిలబడుతుందన్న నమ్మకమైనా ఉందా? హద్దు మీద అభ్యంతరం ఉందని ఆయన ముందే చెప్పారు. మీరు పునాది తవ్వగానే ఆయన లాయర్ నోటీసు పంపవచ్చు, కోర్టుకెళ్లి స్టే తెచ్చుకోవచ్చు. పాత గోడ పడిపోయి, కొత్తది సగంలో ఆగి, తవ్విన కాలువలో నీళ్లు నిలిచి ఉంటాయి. కూలీలు వేరే పనికి వెళ్లిపోతారు. ఈఎంఐ మాత్రం ఏ స్టేకీ ఆగదు. చివరకు గోడ జరపాల్సి వస్తే కూల్చడానికి ఒక ఖర్చు, మళ్లీ కట్టడానికి ఇంకో ఖర్చు. ‘మాట పెరగకముందే కట్టేద్దాం’ అన్న తొందర అప్పుతో కలిసిందంటే మిమ్మల్ని నిండా ముంచుతుంది.

ముందు ఆ 9 అంగుళాల సంగతి తేల్చండి. ఒక ఇటుక నిడివి మందంతో కట్టే గోడ వెడల్పు సరిగ్గా 9 అంగుళాలే. అందుకే ఇలాంటి తగాదాల్లో ఈ అంకె తరచూ వినిపిస్తుంది. మీరు గోడ బయటి ముఖం దాకా కొలిచారా, లోపలి ముఖం దాకానా? ఆయన ఎక్కడ టేపు పెట్టారు? హద్దు గీత గోడ నడిమధ్య ఉంటే చెరో నాలుగున్నర అంగుళాలు. గోడ మొత్తం ఒకరి స్థలంలో ఉంటే ఆ 9 అంగుళాలూ వారివే. ఈ ఒక్క మాట తేలకే రెండిళ్లవాళ్లూ తమ కొలతే నిజమని వాదించుకుంటారు. పైగా మీ గోడ ఒరిగి ఉంది. ఒరిగిన గోడను పైన కొలిస్తే ఒక లెక్క, అడుగున కొలిస్తే మరో లెక్క. కొలవాల్సింది పునాది దగ్గర.

పునాదిలో ఇంకో తిరకాసు ఉంది. 9 అంగుళాల గోడకైనా ఫుటింగ్, అంటే మట్టిలో గోడను మోసే అడుగు భాగం, రెండడుగుల వెడల్పు వేయడం మామూలే. గోడను హద్దు గీతకు ఆనించి ఫుటింగ్‌ను దాని నడిమధ్యకు వేస్తే, గోడ మీ స్థలంలోనే ఉన్నా అడుగున ఏడున్నర అంగుళాల ఫుటింగ్ పక్కవాళ్ల మట్టి కింద ఉంటుంది. బహుశా ఆయన మొక్కలకో పైపుకో తవ్వినప్పుడు అదే కనిపించి ఉండవచ్చు. కొత్త గోడ కట్టేటప్పుడు ఫుటింగ్‌ను పూర్తిగా మీ వైపుకే వేయించాలి. అలా వేస్తే బరువు ఒక పక్కకే పడుతుంది కాబట్టి డిజైన్ ఇంజనీరు చేతే చేయించాలి, మేస్త్రీ అంచనాతో కుదరదు.

టేపు పట్టేముందు దస్తావేజు, లేఅవుట్ ప్లాన్ దగ్గర పెట్టుకోండి. రోడ్డు అంచు నుంచి కొలవకండి, రోడ్డు వెడల్పు మారుతుంటుంది. పక్కింటి గోడ నుంచీ వద్దు, అది తప్పుగా కట్టి ఉండవచ్చు. హద్దు రాళ్లే ఆధారం. 40×60 స్థలం మూలలు సరిగ్గా ఉంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు 72 అడుగుల ఒక అంగుళానికి కాస్త పైన రావాలి. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే నాలుగు వైపులా కొలతలు సరిపోయినా స్థలం ఆకారం వంకరగా ఉన్నట్టే. టేపు నేల వాలు మీద పరిస్తే కూడా లెక్క తప్పుతుంది. 60 అడుగుల్లో 5 అడుగుల వాలు ఉంటే రెండున్నర అంగుళాల తేడా వస్తుంది. టేపును మట్టంగా, బిగించి పట్టాలి.

మీ రెండు స్థలాలు మాత్రమే కొలిచి ఊరుకోవద్దు. వరుసలో మొదట కట్టినవారు 9 అంగుళాలు జరిగితే, తర్వాతివారంతా అంతే జరుగుతూ వస్తారు. మీరు ఈయనతో రాజీపడి గోడ లోపలికి జరుపుకుంటే, రేపు తూర్పు వైపు వారి దగ్గర ఆ 9 అంగుళాలు అడగాల్సి వస్తుంది, వాళ్లు ఇవ్వరు. వరుస చివరనున్న రాయి నుంచి లైసెన్సున్న సర్వేయర్‌తో, పక్కింటివారి సమక్షంలో, కుదిరితే సగం ఫీజు ఆయన చేత పెట్టించి కొలిపించండి. సగం ఫీజు పెట్టిన మనిషి తర్వాత ఆ కొలతను కొట్టిపారేయడం కష్టం. ఆయన ససేమిరా అంటే మొత్తం ఫీజు మీరే ఇవ్వండి. చేతిలో ఉన్న నెలన్నర డబ్బులోంచి ముందుగా తీయాల్సిన ఖర్చు ఇదే. స్కెచ్ మీద ఇద్దరి సంతకాలు తీసుకోండి.

9 అంగుళాలు × 60 అడుగులంటే 45 చదరపు అడుగులు, అంటే 5 గజాలు. మీ ప్రాంతంలో గజం ధరతో హెచ్చవేసుకుని, దాని పక్కనే లాయర్ ఫీజు, కోర్టు ఖర్చులు, పని మానుకుని తిరిగే రోజులు రాయండి. ఇలా కాగితం మీద చూసుకుంటే చాలామందికి కోర్టు మీద ఉత్సాహం తగ్గుతుంది. ఆ 5 గజాలు వదిలితే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ నిబంధనకంటే తగ్గిపోతుందేమో కూడా చూసుకోండి. అలా తగ్గేట్టయితే దాన్ని గజం ధరతో తూచకూడదు.

రాజీ కుదిరి స్థలం వదులుకోవాలనుకున్నా చేతిరాత కాగితం మీద వదిలేయకండి. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది, తాకట్టులో ఉన్న భూమిలో ముక్కను బ్యాంకు అనుమతి లేకుండా ఇచ్చేసే హక్కు మీకు లేదు. ముందు మీకు ఇల్లు అమ్మినవారిని పిలవండి. దస్తావేజులో రాసిన హద్దులు చూపించాల్సిన బాధ్యత వారిది. ఐదు నెలలే అయింది కాబట్టి ఫోన్ ఎత్తుతారు, ఇంకా ఆలస్యమైతే ఎత్తరు.

గోడ ఎందుకు ఒరిగిందో కూడా డబ్బు లెక్కే. పక్క స్థలం రెండడుగులు ఎత్తంటే మీ ప్రహరీ ఆ మట్టిని ఆపుతోంది. అది ఆ పనికి కట్టిన గోడ కాదు. మట్టి ఎత్తు రెండింతలైతే గోడ మీద తోపు నాలుగింతలవుతుంది, గోడను పడదోసే బలం ఎనిమిదింతలవుతుంది. వాననీరు చేరితే ఇంకా ఎక్కువ. పాత గోడ తీసి అదే మందంతో కొత్తది కడితే అదీ ఒరుగుతుంది, మీ అప్పు తీరకముందే. మట్టిని ఆపే గోడకు వేరే డిజైన్, వేరే ఖర్చు. నీరు పోవడానికి గోడలో రంధ్రాలు పెట్టాలి, ఆ నీరు మీ వైపే వస్తుంది కాబట్టి దాన్ని మోయడానికి కాలువ కావాలి. మట్టి నింపి ఎత్తు పెంచింది ఆయనే అయితే, ఆ అదనపు ఖర్చు ఆయన భరించాలని అడగడం న్యాయం. ‘ఖర్చుతో నాకు సంబంధం లేదు’ అన్న మాటకు మీ దగ్గరున్న గట్టి జవాబు ఇదే. దీన్ని ఇంజనీరు చేత రెండు పేజీల్లో రాయించి పట్టుకెళ్లండి. కోపంతో అరిచిన అరుపుల కంటే అది బాగా పనిచేస్తుంది.

మాట కుదిరితే ఒప్పందంలో ఇవి ఉండాలి: గోడ ఏ గీత మీద, మందం, ఎత్తు ఎంత, మామూలు గోడ వరకు ఖర్చు చెరిసగం, మట్టిని ఆపే భాగం ఎత్తు పెంచినవారిది, ఎవరైనా ఇంకా ఎత్తు కావాలంటే ఆ అదనం వారిదే, రెండో వైపు ప్లాస్టరింగ్ ఎవరిది, మరమ్మతులు ఎవరివి, కూలీలు అవతలి వైపు ఎన్ని రోజులు దిగవచ్చు. స్థానిక సంస్థ అనుమతించే ఎత్తు దాటకూడదని వేరే చెప్పక్కర్లేదు. కాంట్రాక్టర్‌కు డబ్బు పునాది అయ్యాక ఒక వంతు, గోడ లేచాక ఒక వంతు, ప్లాస్టరింగ్ అయ్యాక మిగతాది ఇవ్వండి. తవ్వేముందు పక్కింటి గోడల మీద ఇప్పటికే ఉన్న పగుళ్లను తేదీతో ఫొటోలు తీసి ఆయనకూ పంపండి. 60 అడుగులూ ఒకేసారి తవ్వనివ్వకండి. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వించాలి. పక్క పునాది కింద మట్టి జారితే వచ్చే పగులు ఖర్చు మీ మెడకే చుట్టుకుంటుంది. మీ ఇంటి బీమా దాన్ని ఇస్తుందనుకోకండి, పాలసీలో మినహాయింపులు చదవండి.

ఇక అత్యవసర నిధి. గోడ గొడవ నడుస్తున్న ఈ కాలంలోనే దాన్ని పెంచాలి. నెలకు 20 చొప్పున పక్కన పెడితే ఎనిమిది నెలల్లో నెలన్నర కాస్తా మూడు నెలలు అవుతుంది. అంతవరకు కొత్త గోడకు పైసా వద్దు, కొత్త సోఫా, మాడ్యులర్ అల్మారాలు కూడా వద్దు. ఎస్ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే డబ్బు) ఉంటే ఈ ఎనిమిది నెలలు ఆపినా కొంప మునగదు. ఆ తర్వాత పది నెలల్లో మీ సగం వాటాకు సరిపడా, అంటే రెండు నెలల ఖర్చంత, గోడ కోసం విడిగా పోగవుతుంది. గోడ అయ్యాక నిధిని ఆరు నెలలకు తీసుకెళ్లండి, ఈఎంఐతో కలిపి ఆరు నెలలు. ఈ డబ్బు సేవింగ్స్ ఖాతాలో కొంత, ఎప్పుడైనా తీసుకోగల డిపాజిట్‌లో కొంత ఉండాలి. ఇంటి లోన్ మీద టాపప్, అంటే అదే బ్యాంకు అదనంగా ఇచ్చే అప్పు, పర్సనల్ లోన్ కంటే చౌకే, కానీ హద్దు తేలాకే, వాటా ఎంతో తెలిశాకే. బంగారం తాకట్టు పెట్టే ఆలోచన వదిలేయండి. ఇంటి లోన్‌కు సరిపడా టర్మ్ పాలసీ (జీవిత బీమా), కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలే తీసుకోండి.

ఏడాదిన్నర దాకా ఒరిగిన గోడతో ఎలా అంటారు కదా. అది మట్టిని ఆపుతోంది కాబట్టి మీ అంతట మీరు కూల్చకండి, కూల్చితే మట్టి మీ వైపు జారుతుంది. ఇంజనీరు చెబితే మీ వైపు నుంచి ఏటవాలు ఆనికలు పెట్టించండి, పిల్లలను అటు వెళ్లనివ్వకండి. ఒరుగుడు పెరుగుతోందేమో తెలియాలంటే పైనుంచి దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసి, అడుగున గోడకూ దారానికీ మధ్య దూరం నెలకోసారి రాసుకోండి. నెలనెలా పెరుగుతుంటే ఆ రాత, ఫొటోలు జతచేసి పక్కింటివారికి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో లెటర్ పంపండి. ప్రమాదం ఉందని ముందే తెలిపినట్టు ఆధారం ఉంటుంది. పరిస్థితి మరీ అదుపు తప్పితే మాత్రమే మట్టిని వెనక్కి తీయించి, గోడ దించి, తాత్కాలికంగా రాతి స్తంభాలు, ఇనుప వల కంచె వేసుకోవాలి. దానికి వరుస పునాది అక్కర్లేదు, హద్దు మారితే పీకి జరుపుకోవచ్చు, ఖర్చు ఇటుక గోడ కంటే చాలా తక్కువ. కంచె వేసేటప్పుడు ‘ఇది తాత్కాలికం, దీన్ని హద్దుగా ఒప్పుకున్నట్టు కాదు’ అని ఒక లెటర్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

మేస్త్రీకి ఇచ్చిన టోకెన్‌ను ఆనికల పనికి సర్దమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ డబ్బు వదిలేయండి, దాన్ని కాపాడుకోవడానికి నాలుగు నెలల ఖర్చంత అప్పు నెత్తికెత్తుకోవద్దు.