చిత్తూరులో మోడెం పెట్టుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లో ఫోన్ లైను మీద నడిచే డయలప్ ఇంటర్నెట్టు పెట్టుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు సంతోషించాను; కనెక్షన్ పదేపదే తెగిపోతుంటే కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే మోడెం కొత్తది కొనడానికి డబ్బులడుగుతున్నావని విన్నాక మాత్రం, తిరుపతిలో టెలిఫోన్ లైన్లు బాగుచేసినవాణ్ణి గనుక ఊరుకోలేకపోయాను.

మోడెం కొనవద్దు. రిసీవర్ ఎత్తి ఒక అంకె నొక్కి, డయల్ టోన్ ఆగాక విను. గరగర వినిపిస్తే దోషం తీగలో ఉన్నట్లే. టోన్ నీకు వినిపిస్తున్నా మోడెం మాత్రం టోన్ లేదంటుంటే, కంప్యూటర్‌లోని మోడెం సెట్టింగుల్లో టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేయి. అదే లైనుకు కలిపిన రెండో ఫోన్ (ప్యారలల్ ఫోన్) ఉంటే ఊడదీసి కూడా చూడు.

బైరాగిపట్టెడలో ఒక జిరాక్స్ షాపాయన ఇలాగే మోడెం మార్చాడు, కంప్యూటర్ ఫార్మాట్ చేయించాడు, అయినా వాన పడితే చాలు కనెక్షన్ తెగేది. మేడెక్కి చూస్తే, ఆయనే లాగుకున్న తీగ ట్యూబ్‌లైట్ వైరుతో కలిపి కట్టి ఉంది. మధ్యలో రెండు కొసలు మెలిపెట్టి చుట్టిన టేపు విప్పేసరికి లోపలి రాగి పచ్చగా చిలుమెక్కి, గోటితో గీకితే పొడిగా రాలింది. మాటల్లో కాస్త గరగర ఉన్నా మన చెవి సర్దుకుంటుంది, మోడెం సర్దుకోదు. కొత్త తీగను కరెంటు వైరుకు దూరంగా లాగి, రాగి మెరిసేదాకా గీకి, ఫోన్ తీగలు కలిపే రోజెట్ పెట్టెలో మరలు బిగించాక ఆ పాత మోడెమే నిలకడగా పనిచేసింది. మోడెం మీద 56కే, అంటే సెకనుకు 56 కిలోబిట్లు, అని రాసి ఉన్నా అంత వేగం రాలేదని మాత్రం బాధపడకు. అది డౌన్‌లోడ్‌కు గరిష్ఠం మాత్రమే, వీ.90 అనే ప్రమాణం ప్రకారం చేసిన మోడెంలో అప్‌లోడ్ 33.6 కిలోబిట్లు దాటదు.

మేడమీది గదికి తీగ లాగింది నువ్వేనటగా! ఎవరినీ అడగకుండా ఆ పని ఎందుకు చేశావు? లైనులో ఉండే 48 వోల్టులు పొడి చేతికి తెలియకపోవచ్చు గానీ, గంట మోగే క్షణాన పట్టుకుంటే గట్టిగానే కొడుతుంది. చిన్నప్పుడు నా సంచిలోని కటింగ్ ప్లేయర్ తీసుకుని కిటికీ ఊచలు కొరకబోయేవాడివి. ఇప్పుడు దాన్ని నీకే ఇస్తాను, నేను వచ్చేదాకా నువ్వు లాగిన తీగలోని జాయింటు మాత్రం ముట్టుకోవద్దు.

ఈశాన్య రుతుపవనాలు వస్తున్నాయి. ఉరుము వినగానే కరెంటు ప్లగ్గుతోపాటు ఫోన్ తీగను కూడా మోడెం నుంచి పీకేయాలి, ఎందుకంటే పిడుగు దెబ్బ స్తంభం మీది తీగ వెంట కూడా వస్తుంది.

లైను వాడుకలో ఉండగా ఇంకో కాల్ వస్తే మోగే కాల్ వెయిటింగ్ పీప్ వల్ల కనెక్షన్ తెగుతుందని దాన్ని తీయించమని నీ స్నేహితులు చెబుతారు. తీయించవద్దు. శ్రీకాళహస్తిలో అమ్మమ్మ ఒంటరిగా ఉంది. అర్ధరాత్రి ఆమె ఫోన్ చేస్తే నీ డౌన్‌లోడ్ తెగినా పరవాలేదు.