అమ్మానాన్నల ఇంట్లో కెమెరా వైఫైకి కలవకపోతే

కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు కాస్త కుదురుకోగానే ఊళ్ళో అమ్మానాన్నలకు ఒక వైఫై కెమెరా పంపుతారు. మంచి పనే. అమలాపురం వైపు చూసినా, పాలకొల్లు, నర్సాపురం వైపు చూసినా చాలా ఇళ్ళలో ఇప్పుడు పెద్దవాళ్ళిద్దరే ఉంటున్నారు. తీరా పెట్టె విప్పాక అది వైఫైకి కలవదు. ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ పట్టపగలు. "ఆ బటన్ నొక్కి పట్టుకో అమ్మా" అంటూ ఇద్దరికీ టెన్షన్. అందుకే సగం పని పార్సెల్ కట్టకముందే ముగించుకోండి.

మామూలుగా గొడవ వచ్చేది ఒక్క చోటే. రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నల్ ఇస్తుంది. ఇలాంటి కెమెరాలు, ప్లగ్గులు, బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వాటికి కనిపించదు. కొత్త రౌటర్లలో రెండింటికీ ఒకే పేరు ఉంటుంది కాబట్టి అసలు సంగతి పెద్దవాళ్ళకు తెలిసే వీలే లేదు. నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడితో మాట్లాడి రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టించండి. వైఫై సెక్యూరిటీ సెట్టింగ్‌లో కొత్త రకం డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పాత రకం డబ్ల్యూపీఏ2 కూడా పనిచేసేలా మార్పించండి. మన పాత మండువా ఇళ్ళ మందపాటి గోడలు దాటి పెరటి దాకా వెళ్ళాలన్నా 2.4నే నయం.

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. 2.4 వైఫై సిగ్నల్ నడిచే దారులకు ఛానళ్ళని పేరు, వాటికి నంబర్లుంటాయి. అమెరికాలో అమ్మే పరికరాలు మామూలుగా 11వ ఛానల్ వరకే చూస్తాయి. ఇండియాలో 13 దాకా వాడుకోవచ్చు. ఇంటి రౌటర్ ఛానల్‌ని తనే ఎంచుకునే ఆటోలో ఉండి 12కో 13కో జరిగిందంటే, ఫోన్లన్నీ బాగానే పనిచేస్తాయి, మీ కెమెరాకి మాత్రం వైఫై లేనట్టే. ఛానల్‌ని 1, 6, 11లో ఒకదానికి కట్టేయమనండి.

ఇప్పుడు అన్నిటికన్నా పనికొచ్చే మాట. ఊళ్ళో వైఫై పేరూ పాస్‌వర్డూ ఉండే రౌటర్ మీది స్టిక్కర్‌ని ఫోటో తీసి పంపమని అడగండి. తర్వాత మార్చి ఉంటే మార్చినవే కావాలి. మీ అపార్ట్‌మెంట్ రౌటర్‌లో అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో 2.4లో ఒక గెస్ట్ నెట్‌వర్క్ (అదే రౌటర్ ఇచ్చే ఇంకో విడి వైఫై) పెట్టండి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీలు అచ్చం అలాగే ఉండాలి. కెమెరాను దానికి కలిపి, మీ యాప్‌లో బొమ్మ వస్తోందని చూసుకుని, రీసెట్ చేయకుండా ప్యాక్ చేయండి. కెమెరా గుర్తుపెట్టుకునేది ఆ పేరూ పాస్‌వర్డే. అక్కడ నాన్నగారు ప్లగ్గు పెడితే చాలు, చాలాసార్లు తనంతట తనే కలుస్తుంది. రేపు రౌటర్ మార్చినా పాత పేరూ పాస్‌వర్డే పెట్టించండి.

అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు మాత్రం ఇక్కడ కొని పంపొద్దు. ఇక్కడివి చాలావరకు 120 వోల్టులవి, మన ఇంట్లో కరెంటు 230. కాలిపోవచ్చు.

అక్కడే సెటప్ చేయాల్సి వస్తే ఇంట్లో రెండు ఫోన్లు ఉండాలి. సెటప్ నడిచేటప్పుడు ఒక్కోసారి ఫోను కెమెరా సొంత వైఫైకి మారుతుంది, దానిలోనే వీడియో కాల్ ఉంటే తెగిపోతుంది. పక్కింటి పిన్నిగారి ఫోన్లో మాట్లాడుతూ అమ్మగారి ఫోన్లో పని చేయించండి. ఆ ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి, మొబైల్ డేటా కాసేపు ఆపాలి.

బాగా నడిచి నడిచి ఆగిపోతే కెమెరా జోలికి వెళ్ళకండి. ముందు నెట్ బాక్స్ (బయటి ఫైబర్ వైరు వచ్చి కలిసే పెట్టె) మీద లైట్లు చూపించమనండి. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు ఉంటే ఫైబర్ సిగ్నల్ రావట్లేదన్నమాట. స్తంభాల మీదుగా వచ్చే వైరు మీద కొబ్బరి మట్ట పడిందంటే ఆ పని నెట్ కుర్రాడిదే. వాయుగుండం రోజుల్లో, కెమెరాలో ఏమీ కనపడక మన మనసు ఆగనప్పుడే ఇది జరుగుతుంది. అలాంటప్పుడు తిన్నగా ఫోన్ చేసి మాట్లాడండి, బటన్లు నొక్కించకండి. నెట్ బాక్సూ రౌటరూ ఇన్వర్టర్ లైను మీద ఉంటే మామూలు కరెంటు కోతలకు ఇబ్బంది ఉండదు.

కెమెరా ఎక్కడ పెట్టాలో మాత్రం వాళ్ళనే అడగండి. వీధి గేటు, అరుగు, పెరటి తలుపు సరిపోతాయి. అమ్మగారు నడుం వాల్చే గదిలోకి అది చూడకూడదు. నాన్నగారి ఫోన్లోనూ యాప్ వేసి, ఎలా ఆపాలో చూపించండి.