యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ వైమానికుడి వివరాలు ఎలా వెతకాలి?

రెండో ప్రపంచ యుద్ధం నాటి వ్యక్తి అయితే, ముందు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. సర్వీస్ నంబర్, చనిపోయిన తేదీ, సమాధి ఉన్న చోటు ఉచితంగా తెలుస్తాయి. బ్రిటన్, పశ్చిమ ఐరోపా స్థావరాల నుంచి ఎగిరి, సమాధి కూడా తెలియకుండా పోయినవాళ్లు 20,000 మందికి పైనే. వాళ్ల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం మీద ఉన్నాయి.

అసలు కథ దొరికేది లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, ‘ఎయిర్ 27’ అనే వరుసలోని స్క్వాడ్రన్ (వైమానిక దళ విభాగం) రికార్డుల్లో. ఆ రోజు ఏ విమానం, అందులో ఎవరెవరు, ఎన్నింటికి బయల్దేరారు అన్నది సాధారణంగా రాసి ఉంటుంది. తిరిగి రాని విమానం గురించి చాలాసార్లు ఒక్క వాక్యమే కనిపిస్తుంది, చదివితే మనసు కలుక్కుమంటుంది. బాంబర్ సిబ్బంది అయితే లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ డేటాబేస్ కూడా చూడండి.

స్మారక ఫలకం పెట్టిస్తే, అదే విమానంలో పోయిన తోటివాళ్ల పేర్లూ తప్పకుండా రాయించండి.