రెండు రాజ్యాలు పోటీపడే సరిహద్దు సీమను ప్రాచీన చైనాలో ఎలా పాలించేవారు?

సైన్యం ఒక్కటే చాలదు, అక్కడి రైతు పాలకుడి మాట నమ్మాలి. నా దృష్టిలో దీనికి షీహె సీమను మించిన ఉదాహరణ లేదు. హ్వాంగ్ హో నదికి పశ్చిమాన ఉన్న ఈ నేలను వెయ్ రాజ్యం చిన్ రాజ్యం నుంచి గెలుచుకుని, వూ చీ అనే సేనానికి అప్పగించింది.

సరిహద్దు పక్కనే ఉన్న చిన్ కాపలా ఠాణా రైతులకు పెద్ద పీడ. దానికోసం సైన్యాన్ని రప్పించడం దండగ. వూ చీ ఉత్తర ద్వారం బయట ఒక బండి నొగను ఆనించి, దక్షిణ ద్వారం బయటికి చేర్చినవారికి మంచి పొలం, ఇల్లు ఇస్తానని చాటించాడట. ఎవరూ నమ్మలేదు. చివరికి ఒకడు మోశాడు, అన్నవన్నీ అందుకున్నాడు. తర్వాత ఎర్ర గింజల బస్తా పెడితే జనం పోటీపడ్డారు. ఆపై ఠాణాపైకి మొదట ఎక్కినవాడికి పదవి, పొలం, ఇల్లు అనగానే అది ఒక్క పూటలో చేజిక్కింది.

వూ చీ తర్వాత కాలంలో, క్రీ.పూ. 330లో, వెయ్ ఆ సీమను చిన్‌కు వదులుకోక తప్పలేదు.