బండిని మొత్తం విప్పేయకు, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ రాత్రి కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. ఈలోపు మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్. "అన్నయ్యా, అది దాచుకున్న డబ్బంతా పోసి యాభై ఏళ్ల నాటి డొక్కు వ్యాను కొందట, నువ్వైనా చెప్పు" అని ఒకటే టెన్షన్. బండి మంచిదేనమ్మా, దాన్ని చూసుకోవడం నేను నేర్పిస్తాను అన్నాను. కాస్త కుదుటపడింది. ఆ మాట ఇచ్చాను కాబట్టి ఈ ఉత్తరం.

నీది 1973 ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. ముందు అద్దం ఒకే పలకగా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఇక్కడ ఇంగ్లండులో దీన్ని బే విండో అంటారు. ఇండికేటర్లు హెడ్‌లైట్ల పైన, గాలి జాలీ పక్కన ఉన్నాయి. అంటే 1972 ఆగస్టు తర్వాతి మోడలే, అమ్మినవాడు సంవత్సరం సరిగ్గానే చెప్పాడు. లోపలి మంచం, అలమరలు, పైకి లేచే టాపు వెస్ట్‌ఫాలియా కంపెనీ పనితనం. జర్మనీలో వాళ్లు 1951 నుంచి ఈ వ్యాన్లను ఇళ్లుగా మారుస్తూ వచ్చారు. ఆ చెక్క అలమరలు ఇంత బాగా మిగలడం అరుదు. వాటిని పీకకు.

పీకకు అని ఎందుకంటున్నానో చెప్తాను. "మొత్తం విప్పి, రేకు దాకా గీకి, కొత్త రంగు వేయిస్తా మావయ్యా" అని రాశావు. అది చదివి నాకు గుండె ఆగినంత పనైంది. నేను 1986లో కొన్న 1969 బండిని సరిగ్గా అలాగే విప్పాను. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డులో పెరిగినవాణ్ణి, ఇక్కడ బస్సు డిపోలో ఫిట్టరుగా చేస్తున్నవాణ్ణి, ఎంతలే ఆర్నెల్లు అనుకున్నాను. బోల్టులన్నీ బిస్కెట్ డబ్బాల్లో పోశాను. సీట్లు అటక మీదికి, తలుపులు మంచం కిందికి వెళ్లాయి. ఆ తర్వాత రాత్రి డ్యూటీలు, మీ అత్తయ్య ఆపరేషన్, పిల్లల చదువులు. బండి మళ్లీ రోడ్డెక్కడానికి ఆరేళ్లు పట్టింది. విప్పినప్పుడు మీ బావకి తొమ్మిదేళ్లు, వెనక సీట్లో నుంచి దిగేవాడు కాదు. తిరిగి బిగించేసరికి పదిహేను. మాతో రానన్నాడు. ఆ ఆరు వేసవులూ నాకు మళ్లీ రావు.

అందుకే చెప్తున్నా, బండి నడుస్తూ ఉండగానే బాగుచేసుకో. ఒకసారికి ఒక్క పని పెట్టుకో. శనివారం విప్పింది ఆదివారం సాయంత్రానికి బిగిసిపోవాలి, సోమవారం బండి కదలాలి. అంతకన్నా పెద్ద పని ముట్టుకునే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మొట్టమొదట చేయాల్సింది పెట్రోలు గొట్టాలు మార్చడం. బండి ఇంకో మైలు నడవక ముందే చెయ్యి. ఈ ఇంజిన్ కేసు మెగ్నీషియం కలిసిన లోహం. ఒకసారి అంటుకుందంటే నీళ్లు పోసి ఆర్పలేం, పోస్తే ఇంకా రేగుతుంది. మంట పుట్టేది ఎక్కువగా పగిలిన రబ్బరు గొట్టం నుంచే. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరును అది తినేస్తుంది. గొట్టాన్ని వేళ్లతో వంచి చూడు, పైన సన్నటి బీటలు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టం కొని, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా అన్నీ ఒకేసారి మార్చు, క్లిప్పులు కూడా కొత్తవి వెయ్యి. ట్యాంకు దగ్గర, ఇంజిన్ ముందు గోడ దగ్గర కంటికి కనపడని ముక్కలుంటాయి, చాలామంది వాటిని వదిలేస్తారు. ఇంజిన్ గదిలో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) పైన వేలాడుతున్న ఆ ప్లాస్టిక్ ఫిల్టర్ తీసేసి, బండి కింద, ట్యాంకు వైపు పెట్టించు. పెట్రోలు మాత్రం సూపర్ పోయించు, అందులో ఇథనాల్ ఐదు శాతానికి మించదు. మంటలార్పే సిలిండర్ డ్రైవర్ సీటు పక్కన బిగించు. వెనక ఇంజిన్ దగ్గర పెడితే మంట వచ్చినప్పుడు దాన్ని అందుకోలేవు.

తర్వాత బ్రేకులు. నీ బండికి ముందు డిస్కులే కాబట్టి నా పాతదానికన్నా మేలు. కానీ చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి మూసుకుపోతాయి. పెడల్ వదిలాక కూడా చక్రం పట్టేసినట్టుంటే కారణం అదే కావచ్చు. గొట్టాలు మార్చు, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చు. టైర్లు 185ఆర్14 సైజులో, చివర సీ అక్షరం ఉన్న వ్యాను టైర్లే వెయ్యాలి, చవకగా దొరికాయని కారు టైర్లు వేయకు. పక్కన నాలుగంకెలు ఉంటాయి, ముందు రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. నీ ఫొటోలో ఒక టైరు మీద 3109 కనిపించింది. అంటే 2009లో ముప్పై ఒకటో వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ టైరు తీసేయ్.

ఇక నీళ్లు. ఇంగ్లండు చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఈ బండ్లకు అదే యముడు. తలుపుల కింద పొడవునా ఉండే దూలం లోపల మూడు పొరలుంటాయి, బయటి పొర నిగనిగలాడుతున్నా లోపలి రెండూ పొడైపోయి ఉండొచ్చు. అందుకని వేలి కణుపుతో తట్టి విను. మంచి రేకు ఖంగుమంటుంది, లప్పం పెట్టి కప్పిన చోట చెక్కని కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి జరుపుకుంటూ వెళ్లు, పట్టు వదిలేసిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టు. చక్రాల పైకమానులు, జాకీ పెట్టే చోట్లు, ముందు అద్దం కింది అంచు, బ్యాటరీ కింద తట్ట, పైకప్పు అంచున వాననీటి గాడి, ఇవన్నీ తప్పకుండా చూడు. గుర్తులన్నీ ఫొటో తీసి పంపితే ఏది ఈ ఏడాది, ఏది వచ్చే ఏడాది అని నేను విడదీసి చెప్తాను.

కింది దూలాలకు వెల్డింగ్ చేయించాల్సి వస్తే ఒక్కమాట గుర్తుంచుకో. అవే బండికి వెన్నెముక. రెండు పక్కలా ఒకేసారి కోశారా, పై భాగం కుంగి తలుపులు జన్మలో సరిగ్గా పడవు. సమతలంగా నిలబెట్టి, తలుపు సందుల్లో అడ్డకమ్మీలు బిగించి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క మొదలుపెట్టమను. బ్యాటరీ వైరు ముందే తీసేయమను. నాకు పని చేసిన ఒకాయన ఇవేవీ పట్టించుకోలేదు, ఇప్పటికీ నా స్లైడింగ్ తలుపు భుజంతో తోస్తే గాని పడదు. పనయ్యాక దూలాల లోపలికి మైనం స్ప్రే కొట్టించు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయనివ్వకు.

ఈ నీళ్లు లోపలి నుంచి కూడా వస్తాయి. మనం చేసేది మన వంట. టాపు మూసి ఉప్మా తాలింపు వేసినా, అన్నం వార్చినా ఆ ఆవిరంతా చల్లటి రేకుకు పట్టి, చెక్క వెనకాలకు కారి, అక్కడే నిలిచిపోతుంది. మీ అత్తయ్య ఎన్నో ఏళ్లు ఆ స్టవ్వు మీదే మాకు ఇడ్లీలు పెట్టింది, నా బండి పైకప్పు లోపల మొదటి తుప్పు కనపడింది సరిగ్గా స్టవ్వు పైనే. వంట చేసేటప్పుడు టాపు లేపి కిటికీ తెరువు. వానలో తిరిగొస్తే ఇంటికి రాగానే టాపు గుడ్డను విప్పి, పూర్తిగా ఆరాకే మడువు. తడిగుడ్డ వారం రోజులు మడతలో ఉంటే వచ్చే నల్ల మచ్చలు ఇక పోవు.

గ్యాసు గొట్టం కూడా కొత్తది వెయ్యి. కార్బన్ మోనాక్సైడ్ అలారం రేపే కొను. నీ బండిలో వేడిగాలి వచ్చేది సైలెన్సర్ పక్కన ఉండే హీటర్ పెట్టెల నుంచి. అవి తుప్పుపట్టి చిల్లుపడితే పొగ ఆ దారినే లోపలికొస్తుంది, ఆ విషవాయువుకు వాసన ఉండదు.

ఇప్పుడు ఇంజిన్. నాకు ప్రాణమైన భాగం ఇదే, కాస్త సాగదీసినా ఓపిగ్గా చదువు. నీది 1600 సీసీ, గాలితో చల్లబడే ఇంజిన్. రేడియేటర్ లేదు, దాన్ని చల్లబరిచేవి గాలీ, ఇంజిన్ ఆయిలే. ఆయిల్ రెండున్నర లీటర్లే పడుతుంది, ఫిల్టర్ లేదు, అడుగున ఒక జల్లెడ ఉంటుంది. అందుకే మూడు వేల మైళ్లకోసారి మార్చి తీరాలి. ఆ జల్లెడ పలకకు ఆరు చిన్న నట్లుంటాయి. వాటిని పానాతో బలం పెట్టి బిగించకు, మణికట్టు బలం చాలు. ఎక్కువ బిగిస్తే మరలు ఊడి చేతికొస్తాయి.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ టాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని తోసే స్క్రూలకూ మధ్య సందు, సెట్ చెయ్యి. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. పెద్ద స్క్రూడ్రైవర్‌తో తీగ క్లిప్పును కిందికి తోస్తే టాపెట్ మూత ఊడొస్తుంది, కొంచెం ఆయిల్ కారుతుంది, కింద అట్టముక్క వెయ్యి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్ దాని అంచు మీది చిన్న గీతకు ఎదురుగా వచ్చేలా, పుల్లీ మీది గుర్తు ఇంజిన్ అతుకు గీతకు సరిపోయేలా తిప్పు. అప్పుడు ఒకటో సిలిండర్ సిద్ధం. వాల్వు కాడకీ స్క్రూకీ మధ్య 0.15 మిల్లీమీటర్ల కొలత రేకు (ఫీలర్ గేజ్) దూర్చు. అది సన్నగా పట్టుకుంటూ జారాలి, పుస్తకం పేజీల మధ్య నుంచి పది రూపాయల నోటు లాగినట్టు. తర్వాత పుల్లీని అర చుట్టు వెనక్కి, అంటే గడియారానికి ఎదురు దిక్కుగా తిప్పితే రెండో సిలిండర్, ఇంకో అర చుట్టుకు మూడు, ఇంకో అర చుట్టుకు నాలుగు. మొదటిసారి రెండు గంటలు పడుతుంది. నాకిప్పుడు అరగంట.

టాపెట్లు టిక్కుటిక్కుమంటే భయపడకు. ఈ ఇంజిన్‌లో భయపడాల్సింది చప్పుడు తగ్గినప్పుడే. వేడికి వాల్వు కాడ సాగి, వాల్వు ఆనే సీటు అరిగి, ఆ సందు మెల్లగా మూసుకుపోతుంది. అప్పుడు వాల్వు సీటుకు పూర్తిగా ఆనదు, ఆనకపోతే వేడి దిగే దారి ఉండదు, కాలిపోతుంది. నా 69 బండిలో ఆయిల్ కూలర్ మూడో సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డంగా ఉండేది, అందుకని మూడోది ఎప్పుడూ మిగతావాటి కన్నా వేడిగా ఉండేది. ఒక వేసవిలో ఐదువేల మైళ్లు టాపెట్లు చూడలేదు. ఇంజిన్ ఎంత మెత్తగా నడుస్తోందో అని మురిసిపోయాను కూడా. వేల్స్ కొండల్లో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తల విరిగి పిస్టన్‌లోకి దిగింది. పిల్లలతో రాత్రంతా రోడ్డు పక్కనే గడిపాం. నీ మోడల్లో ఆ కూలర్‌ను పక్కకి జరిపారు. అయినా టాపెట్లు మాత్రం వదలొద్దు.

ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులు, అంచు రబ్బరు అన్నీ ఉన్నాయో లేదో చూడు. పైనుంచి చల్లగాలి పీల్చి కిందికి వేడిగాలి వదలాలి. రబ్బరు ఊడితే ఆ వేడిగాలే మళ్లీ పైకొస్తుంది. ఫొటోలో ఎడమవైపు మూల ఖాళీగా కనిపించింది. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే 15 మిల్లీమీటర్లు దిగాలి. డైనమోనీ, చల్లబరిచే ఫ్యాన్‌నీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. నడుపుతుండగా డైనమో ఎర్రలైటు వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపు, ఇంటికి ఇంకో మైలే ఉన్నా సరే. స్పేర్ బెల్టు, 21 సైజు పానా ఎప్పుడూ బండిలో ఉండాలి.

నలభై ఏళ్లు దాటిన బండికి, పెద్ద మార్పులు చేయకపోతే, ఎంఓటీ, అంటే ఇక్కడ ఏటా చేసే బండి భద్రతా పరీక్ష, తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించు. లిఫ్టు మీదికెత్తి కొత్త కళ్లతో అడుగు భాగం చూసే మనిషి ఆ ధరకు ఇంకెక్కడా దొరకడు. నువ్వు కింద దూరేటప్పుడు మాత్రం జాకీని నమ్మకు, స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి ఊపి చూశాకే దూరు. మా నాన్న షెడ్డులో ఈ నియమం తప్పినవాణ్ణి ఆ రోజుకి ఇంటికి పంపేసేవారు.

రంగు సంగతి రెండేళ్ల తర్వాత చూద్దాం. ఇప్పుడున్న వెలిసిన నారింజ రంగే నాకు నచ్చింది.

వచ్చే శనివారం పొద్దున్నే బయల్దేరి తొమ్మిదింటికల్లా బ్రిస్టల్ వస్తాను, ఫీలర్ గేజ్, టాపెట్ మూతల ప్యాకింగులు నేను తెస్తాను. పెట్రోలు గొట్టాలు మార్చేదాకా బండి బయటకు తీయకు. ఏ కారణం చేతైనా కదపాల్సి వచ్చినా, శుక్రవారం మధ్యాహ్నం తర్వాత మాత్రం అస్సలు స్టార్ట్ చేయకు. నేను చెయ్యి పెట్టేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి.

మీ మావయ్య