అల్లుడికి, పాత పడవ కొనేముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు అత్తయ్యా నేనూ చూశాం. ముప్పై ఆరడుగుల గ్రాండ్ బ్యాంక్స్ మోటారు పడవ, ముచ్చటగానే ఉంది. "పక్కల్లో పలకల గీతలున్నాయి, చెక్కదే మామయ్యా" అని రాశావు చూడు, అక్కడ పొరబడ్డావు. ఆ పడవల్ని మొదట హాంకాంగ్‌లో, తర్వాత సింగపూర్‌లో మహోగనీ పలకలతో కట్టేవారు. 1973లో ఫైబర్‌గ్లాస్‌కి మారారు. కొనేవాళ్ళ కంటికి అలవాటైన రూపు పోకూడదని పలకల గీతల్ని అచ్చులోనే పోశారు! అందుకని ఏ సంవత్సరంలో కట్టారో అడుగు. ఇంజన్ గదిలోకి దిగి లోపలి గోడ చూడు. అడ్డబద్దలూ వాటి మీద పలకలూ కనిపిస్తే చెక్క.

చెక్కదే అయితే అడుగుభాగం ఒక్కటే చూసి మురిసిపోకు. నేనలాగే మోసపోయాను. ఉప్పునీళ్ళలో మునిగే భాగం బాగానే ఉంది, కేబిన్ కిటికీ కింద మూలలో స్క్రూడ్రైవర్ మొన పెడితే పండిన బొప్పాయిలో దిగినట్టు దిగింది. చెక్కని కుళ్ళబెట్టేది వాననీళ్ళు. మీ సియాటిల్‌లో వానకేం కొదవ? పైకప్పున్న బోట్‌హౌస్‌లో పెరిగిన పడవైతేనే ఆలోచించు. పలకలు పట్టుకున్న స్క్రూలు నాలుగైదు తీయించి చూడు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే వచ్చేయ్. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా చెక్క అనగానే మొహం చిట్లిస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కో.

నా మాటైతే, శని ఆదివారాలు తప్ప తీరికలేని నీకు ఫైబరే మేలు. మన ఉప్పాడ ఒడ్డున చెక్క నావలు పోయి ఫైబర్ బోట్లు వచ్చిందీ ఏటేటా మరమ్మతులు పడలేకే కదా. అయితే ఫైబర్ అన్నారని నిశ్చింతగా ఉండకు. డెక్ మీద అందం కోసం టేకు పరిచి, వందలకొద్దీ స్క్రూలు బిగించారు. వాటిమీది చిన్న చెక్కబిళ్ళలు అరిగి ఊడిపోతే ప్రతి స్క్రూ కన్నమూ నీటికి దారే. ఆ నీరు రెండు ఫైబర్ పొరల మధ్య చేరుతుంది, ఇంకా కిందికి కారి ఇనుప డీజిల్ ట్యాంకుల నెత్తిన పడుతుంది. తుప్పు పట్టిన ట్యాంకు బయటికి తియ్యాలంటే కొన్నిట్లో ఇంజన్నే కదిలించాలి. ఆ ఖర్చు విన్నాక మీ ఆవిడ నాతో మాట్లాడదు.

స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా తట్టుకుంటూ వెళ్ళు. టక్కుమంటే గట్టి, డొల్లగా డబ్బుమంటే లోపల చెడినట్టు, సుద్దముక్కతో గుర్తు పెట్టు. పడవని నీళ్ళలోంచి పైకెత్తించాక అడుగున బొబ్బలుంటే ఒకటి పొడిచి వాసన చూడు, వెనిగర్‌లా కొడుతుంది. నాలుగైదు బొబ్బలకి బేరం వదులుకోనక్కర్లేదు, ధర తగ్గించమను. డెక్ మెత్తబడితే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

పడవని తనిఖీ చేసే సర్వేయర్‌ని నువ్వే వెతుక్కో, బ్రోకరు చెప్పినవాణ్ణి పెట్టుకోకు. సుద్ద గుర్తులు పెట్టిన డెక్ ఫోటో తీసి ఆదివారం లోపు పంపు.

మామయ్య